గడప అవతలి ఆడవాళ్లు

కడప పేరులోనే గడప ఉందంటారు. తిరుమల కొండకు దేవుని కడప గడప అని చెప్పుకుంటారు. గడప లోపలికి రమ్మనే చోటే కాదు, కొందరిని ఆపే చోటు కూడా. మాల, మాదిగ పల్లెల మనుషులు తరతరాలుగా గుడి గడప అవతలే నిలబడ్డారు. 1822లో లండన్ మిషనరీ సొసైటీ కడపలో పని మొదలుపెట్టింది. తర్వాత పల్లెల్లో లేచిన చర్చిలను చూసి 'మతం మారారు' అని ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్లు మరిచేది ఈ గడపనే.

పెరూలోని కుస్కోలో స్పెయిన్ వాళ్లు ఇంకాల సూర్యాలయం గోడల మీదే శాంటో డొమింగో చర్చి కట్టారు. 1570లలో వైస్రాయ్ టొలెడో జనాన్ని వాళ్ల పల్లెల నుంచి లేపి, చర్చి నడుమ ఉండే కొత్త ఊళ్లలోకి తరలించాడు. అక్కడ చర్చి అధికారంతో కలిసి ఊరి నడిబొడ్డున కూర్చుంది. మన సీమ పల్లెల్లో అది ఎక్కువగా వాడలో లేచింది. ఊరు అలాగే ఉంది, వెలి అలాగే ఉంది. అయినా వాడకు తనదంటూ ఒక గడప దొరికింది, పిల్లలకు అక్షరం దొరికింది. దీన్నంతా తెల్లవాళ్ల కుట్ర అని కొట్టిపారేయడం గుడి గడప దగ్గర ఎన్నడూ ఆగవలసిరాని వాళ్లకు తేలిక.

మరి ఆడవాళ్ల సంగతి? అంతకుముందు వాళ్ల పవిత్రస్థలం గోడల మధ్య లేదు. వేపచెట్టు కింద, పొలిమేర రాయి దగ్గర ఉండేది. అమ్మవారు పూనిన ఆడమనిషి మాటను ఊరు భయంగానైనా వినేది. చర్చిలో ఆ మాట ప్రసంగపీఠం మీది మగవాడికి చేరింది. ఆడవాళ్లకు ఒకవైపు చాప, నెత్తిన ముసుగు, ఊడ్చే పని మిగిలాయి.

పోయినదాని కోసం బెంగపడదామా? తొందరపడొద్దు. ఆ దేవతల పేరునే దళిత బాలికలను బసివిలను, మాతమ్మలను చేసి ఊరుమ్మడి సొత్తుగా మార్చారు. దాన్ని నిషేధించడానికి 1988లో చట్టం చేయాల్సి వచ్చింది.

చర్చిలోకి అడుగుపెట్టడం ఉచితం కాదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు షెడ్యూల్డు కులాల హోదా లేదు. అందుకే ఎందరికో కాగితం మీద ఒక మతం, ఆదివారం మరో మతం. దక్షిణ ఇండియా సంఘం 1947లో ఏర్పడితే, దాని మొదటి మహిళా బిషప్‌గా పుష్పలలిత నంద్యాలలో పీఠమెక్కింది 2013లో. అరవై ఆరేళ్లు! ఆ రోజుకు విలువ ఉంది. కానీ ఒక్కరు పీఠమెక్కితే చాప మీది వాళ్లందరూ మాట్లాడినట్టు కాదు.

చెట్టా, గుడా, చర్చా అన్నది కాదు నా ప్రశ్న. ఏ స్థలమైనా పవిత్రమని మనం ఒప్పుకోవాలంటే, దాన్ని రోజూ ఊడ్చే మనిషికి అక్కడ కాదనే హక్కు ఉందా? ఇది మూడింటినీ అడగాల్సిందే.