అడుగంటకముందే నింపుకో

నాయనా,

మొన్న మీ ఇంటికి వస్తే ప్రింటరు మీద గుడ్డ కప్పి మూలన పెట్టి ఉంది. ఏమైందని అడిగితే, "సిరా అయిపోయింది తాతా, కొత్త కార్ట్రిడ్జి దగ్గర దగ్గర వెయ్యి రూపాయలంట, వచ్చే నెల చూద్దాం" అన్నావు. సాయంత్రం నీ వసారాలో తెలుగు దిద్దుకునే పిల్లలు ఆ రోజు కాగితాల్లేక ఊరికే కూర్చున్నారు. అది చూసి నా మనసు ఊరుకోలేదు.

2006 చట్టంతో మన తమిళనాడు బడుల్లో తమిళం తప్పనిసరైంది. తమిళం నేర్వాల్సిందే, అందులో మాటే లేదు. అయితే మన రాయకోటలో ఇంట తెలుగు మాట్లాడే పిల్లలకు తెలుగు రాత పట్టుబడాలంటే నీబోటివాళ్ల వసారాలే దిక్కు. వెయ్యి రూపాయలకోసం ఆ పని నెల రోజులు ఆగకూడదు.

మా చదువుల కాలంలో సిరా అయిపోతే పెన్ను పారేసేవాళ్లం కాదు. ఫిల్లరుతో చుక్క చుక్కగా పోసి, పాళీ తుడిచి, మరను బిగించుకునేవాళ్లం. కార్ట్రిడ్జి సంగతీ అంతే. లోపల స్పాంజి ఉంటుంది, అది సిరాను పట్టి ఉంచుతుంది. నూరు మిల్లీలీటర్ల సిరా సీసా రెండు మూడు వందల్లో దొరుకుతుంది. దాంతో ఎన్నోసార్లు నింపుకోవచ్చు.

ఒక్క మాట మాత్రం గట్టిగా పట్టుకో. పూర్తిగా ఎండిపోయేదాకా ఆగొద్దు. బోరులో నీళ్లు లేకుండా మోటారు ఆడితే ఏమవుతుందో మన టమాటా రైతుల్ని అడుగు. చుట్టూ ఉన్న నీళ్లే మోటారును చల్లబరుస్తాయి, అవి లేకుంటే కాలిపోతుంది. నీ ప్రింటరు రకంలోనూ సన్నని రంధ్రాల వెనక సిరాను వేడిచేసి చిమ్మించే ఏర్పాటుంది. ఆ వేడిని తీసుకుపోయేది సిరానే. 1977లో కెనాన్ కంపెనీలో, సిరా ఉన్న సిరంజి సూదికి వేడెక్కిన సోల్డరింగ్ ఐరన్ తగిలి సిరా చిమ్మిందట. ఆ సంఘటనే ఈ రకం ప్రింటర్లకు దారి చూపింది. కాబట్టి ఇకమీదట అక్షరం పలచబడిన రోజే నింపు.

పాత పేపరు పరిచి కూర్చో. కార్ట్రిడ్జి పైన అంటించిన చీటీ మెల్లగా ఎత్తితే రంధ్రాలు కనిపిస్తాయి. నలుపుకు ఒకటి చాలు. రంగుల దానికి మూడు గదులుంటాయి. ఏ గదిలో ఏ రంగో పుల్ల కొనతో తాకి చూసుకో, ఒక్కో రంగుకు వేరే సిరంజి పెట్టుకో. సూది లోపలికి దించి నిదానంగా ఒత్తు. ఒక్కో రంగుకు రెండు మూడు మిల్లీలీటర్లు దాటొద్దు. సిరా పైకి ఉబికిందంటే అక్కడే ఆపు. నేనొకసారి తొందరపడి నింపితే ప్రింటరు లోపలంతా కారింది, తుడవడానికి ఒక పూట పట్టింది. నింపాక సిరా చిమ్మే సన్నని రంధ్రాల వైపును తడి గుడ్డ మీద కాసేపు అద్ది పెట్టు. కార్ట్రిడ్జి మీదుండే రాగి రంగు చుక్కలను వేలితో తాకొద్దు. తర్వాత కూడా కంప్యూటరు 'ఖాళీ' అంటుంది, దానికి నిండింది తెలియదు. బెదరకు.

క్లీనింగు మాటిమాటికీ కొట్టొద్దు, అదీ సిరాను తాగేస్తుంది. వారానికొక పేజీ అయినా అచ్చు వెయ్యి, రంధ్రాలు ఎండవు. నీ ప్రింటరు రకానికి చెప్పిన సిరానే కొను, ఒక రకంలో ఇంకో రకం కలపొద్దు.

ఇది తప్పేమోనని సందేహపడకు. నింపిన కార్ట్రిడ్జీలు అమ్మేవాళ్ల మీద లెక్స్‌మార్క్ కంపెనీ పేటెంటు దావా వేస్తే, వస్తువు అమ్మేశాక దాని మీద పేటెంటు హక్కు మిగలదని 2017లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. మనం కొన్నది మన వస్తువు.

అట్లని దీనికీ హద్దుంది. కొన్నిసార్లు నింపాక గీతలు పడుతున్నాయంటే దాని ఆయుస్సు తీరినట్టే, కొత్తది కొను. నీళ్లు తగిలితే కారే సిరాతో పట్టాలు, సర్టిఫికెట్లు అచ్చు వేయకు, అవి లేసరు ప్రింటరు ఉన్న అంగడిలో తీయించు. పిల్లలు పెరిగి రోజుకు పదుల కాగితాలు కావాల్సి వస్తే, సీసాతో సిరా పోసుకునే ట్యాంకు ప్రింటరే మేలు. ఎప్సన్ వాళ్లు 2010 నుంచి అమ్ముతున్న రకం అది.

పొదుపంటే పని ఆపుకోవడం కాదు నాయనా, పని ఆగకుండా చూసుకోవడం. ఆ గుడ్డ తీసెయ్యి. ఆదివారం సిరా సీసా తెచ్చి పెట్టు, నేను వస్తాను, ఇద్దరం కలిసి నింపుదాం. సోమవారం సాయంత్రానికి పిల్లల చేతిలో కాగితాలుండాలి.