నాలుగు గంటల గడువు ఎవరికి?

(మార్కు 5:21-43 చదువుకొనుడి)

1967 డిసెంబరు 2వ తేదీన దక్షిణ ఆఫ్రికాలోని కేప్ టౌన్‌లో ఒక గృహస్థుని భార్యయు కుమార్తెయు మోటారు ప్రమాదమునకు గురియైరి. భార్య అక్కడనే మరణించెను. కుమార్తె మెదడు ఇక బాగుపడదని చెప్పి, ఆమె గుండెను వేరొక రోగికి అమర్చుటకు వైద్యులు ఆయన సెలవు అడిగిరి. ఆయన నాలుగు నిమిషములు ఆలోచించి సరే యనెనని చెప్పుదురు. మరునాడు డాక్టర్ క్రిస్టియన్ బర్నార్డ్ (ఈయన ఒక మిషనరీ పాదిరిగారి కుమారుడు) ఆ గుండెను అమర్చెను. లోకములో మనుష్యుని గుండెను మరియొక మనుష్యునికి అమర్చుట అదియే మొదలు. దానిని పొందినవాడు 18 దినములు బ్రదికెను.

నాలుగు నిమిషములు! ఏడ్చుచున్నవానిని ఇట్లు తొందరపెట్టుట ధర్మమా?

తొందరకు కారణమున్నది. దాత దేహములో గుండెకు రక్తము ఆపినది మొదలు, మంచులో చల్లగా ఉంచి తీసికొనిపోయి, సుమారు నాలుగు గంటలలో క్రొత్త దేహమున మరల రక్తము పారునట్లు చేయవలెనని వైద్యులు చూతురు. చల్లదనము గుండె ఆకలిని తగ్గించును గాని మాన్పదు. ఆలస్యమైన కొలది అది క్రొత్తచోట సరిగా కొట్టుకొనదను భయము, రోగి మొదటి దినములలోనే చనిపోవునను భయము పెరుగును. పెద్ద వయసువారి గుండె ఆలస్యమును మరింత తక్కువగా ఓర్చును. మూత్రపిండమైతే ఒక దినమువరకు ఆగగలదు. వెచ్చని రక్తముతో గుండెను కొట్టుకొననిచ్చుచు తీసికొనిపోవు యంత్రములు వచ్చినవి గాని అవి అంతట లేవు. అందుకే 2025 జనవరి 17న హైదరాబాదులో ఎల్.బి. నగర్ నుండి లక్డీకాపూల్‌కు మెట్రో రైలులో 13 కిలోమీటర్లు 13 నిమిషములలో ఒక గుండెను చేర్చిరి.

అయితే ఒకటి గమనింపుడి. ఆ గడియారము తిరుగుట కుటుంబము ఒప్పుకొనిన తరువాతనే. అంతకు ముందు శ్వాసయంత్రము సహాయమున గుండె కొట్టుకొనుచునే యుండును. మన దేశములో 1994 నాటి చట్టము ప్రకారము నలుగురు వైద్యులు ఆరు గంటల ఎడముతో రెండుమారులు పరీక్షించి, మెదడు మరణించినదని నిర్ణయింపవలెను. ఆ స్థితిలో దేహమును బహు దినములు నిలుపలేరు, నిజమే. కాని తల్లి ఏడ్చుటకును, అన్నదమ్ములు వచ్చుటకును వ్యవధి యుండును. నాలుగు గంటల కాడి శస్త్రవైద్యుని మెడమీదిది, బండి నడుపువాని మెడమీదిది. తల్లి మెడమీదిది కాదు.

యాయీరు బిడ్డ ప్రాణము మీదికి వచ్చినది. అయినను ప్రభువు త్రోవలో నిలిచి, పండ్రెండేండ్లు బాధపడిన స్త్రీ మాట కడవరకు వినెను. అప్పుడు యాయీరు మనస్సు ఎంత కొట్టుకొనెనో! గుండెకొరకు వేచియున్న రోగి తండ్రియు యాయీరే గదా. ఆయన తొందర తప్పు కాదు. కాని ప్రభువు ఒకరి తొందరకొరకు మరియొకరి మాటను మధ్యలో త్రుంచలేదు.

గుండె తీసిన దేహము పునరుత్థానమున ఎట్లు లేచునని మన సంఘములలో పెద్దలు అడుగుదురు. అగ్నిలో కాలిన హతసాక్షులను లేపువానికి ఇది చిక్కా?

ఈ మాట ఆసుపత్రి వసారాలో మొదటిసారి వినువారు తబ్బిబ్బగుదురు. సాయంకాల ప్రార్థన ముగిసిన తరువాత, ఎవరికిని జబ్బు లేని దినమున, ఇంట మాటలాడుకొనుట మేలు. ఆసుపత్రికి పిలువబడిన పాదిరి వైద్యుల పక్షమున వాదింపక, గడియారము ఇంకను తిరుగలేదని కుటుంబమునకు తెలిపి వారి ప్రక్కను కూర్చుండవలెను. వారు వలదనినను ఆయన కుర్చీ విడిచి లేవనక్కరలేదు.