పగిలిన నూనె జాడీ



బడులు తెరిచారు. కొత్త పుస్తకాలకు అట్టలు వేయడం అయిపోయింది, ఫీజుల లెక్కలు మాత్రం ఇంకా తెమలలేదు. ఆదివారం పూజ ముగిశాక గుడి ఆవరణలో చెట్టుకింద నిలబడి మీరు చెప్పుకునే మాటలు మా చెవిన పడుతూనే ఉంటాయి. ఏ బడిలో ర్యాంకులు వస్తున్నాయి, ఏ కాలేజీలో స్టడీ అవర్లు రాత్రి ఎన్నింటిదాకా ఉంటాయి, ఎవరి అబ్బాయికి సీటు వచ్చింది. తప్పేమీ లేదు. కూలికి వెళ్ళి, మెడలో ఉన్న గొలుసు తాకట్టు పెట్టి పిల్లల్ని చదివించే తల్లిదండ్రుల ఆరాటాన్ని తక్కువచేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. అయితే ఈ వారం మిమ్మల్ని ఒక్క మాట అడగాలని ఉంది. మీ బిడ్డ తప్పు చేసిన రోజున మీ ఇంట్లో ఏం జరుగుతుంది?

ఈ ప్రశ్న నాకై నాకు తోచింది కాదు. సత్యోపదేశం తరగతిలో ఇంటర్మీడియట్ చదివే ఒక అమ్మాయి వ్రాసిచ్చిన కాగితం వల్ల పుట్టింది. దయ అంటే ఏమిటో తలా నాలుగు వాక్యాలు వ్రాయమన్నాము. తక్కిన పిల్లలందరూ మంచి సమరయుని కథ వ్రాశారు. ఈ అమ్మాయి మాత్రం తన ఇంటి సంగతి వ్రాసింది. బడిలో చదివే రోజుల్లో నీతిపాఠంలో దయను గురించి అడిగిన ప్రశ్నకు తనకు పూర్తి మార్కులు వచ్చాయట. ఆ సాయంత్రమే, చెవి సరిగా వినపడని నాయనమ్మ ఒకే మాట మూడుసార్లు అడిగితే గట్టిగా కసిరిందట. కసిరాక తన గొంతు తనకే ఎక్కడో విన్నట్టు అనిపించిందట. అది నాన్న గొంతు. లెక్క తప్పు చేసినప్పుడు నాన్న తనమీద అరిచే గొంతు. దయ పుస్తకంలో నేర్చుకున్నాను, అరవడం ఇంట్లో నేర్చుకున్నాను అని వ్రాసి, కింద సంతకం పెట్టకుండా ఇచ్చింది.

ఆ తండ్రి చెడ్డవాడని అనుకోకండి. పొద్దస్తమానం ఎండలో పనిచేసి వచ్చి, బిడ్డ పక్కన కూర్చుని లెక్కలు చెప్పించే తండ్రులు ఎంతమంది ఉన్నారు? ఆయన తన కూతురికి లెక్కలు నేర్పాలనే కూర్చున్నాడు. ఆమె నేర్చుకున్నది మరొకటి. చదువు చెప్పేటప్పుడు మనం రెండు పాఠాలు చెబుతాము సుమా! ఒకటి పుస్తకంలోది. రెండవది, తప్పు చేసిన మనిషితో ఎలా మాట్లాడాలి అన్నది. మొదటిది పిల్లలు మరచిపోవచ్చు.

ఇక్కడ మీకు ఒక పేద విధవరాలిని గురించి చెప్పాలి. ఇటలీ దేశంలో, ట్యూరిన్ నగరానికి కొంత దూరంలో బెక్కీ అనే చిన్న పల్లె ఉంది. 1817లో ఆ పల్లెలో ఫ్రాన్సిస్ బోస్కో అనే రైతు న్యుమోనియాతో మరణించాడు. భార్య మార్గరీతకు అప్పటికి 29 ఏళ్ళు. ఇంట్లో మంచం పట్టిన అత్తగారు, ముగ్గురు మగపిల్లలు. పెద్దవాడు అంతోని ఆయన మొదటి భార్య కొడుకు. చివరివాడు జాన్, అప్పటికి రెండేళ్ళు కూడా నిండనివాడు. ఆ ఏడు కరవు. ఆ తల్లికి చదవడం, వ్రాయడం రాదు. ఆ చివరి పిల్లవాడే తరువాతి కాలంలో పునీత డాన్ బోస్కో. మనం ఏటా జనవరి 31న పండుగ చేసుకునే, వేలాది అనాథ బాలలను చేరదీసిన గురువు.

జాన్‌కు ఎనిమిదేళ్ళప్పుడు జరిగిన సంగతి ఒకటి ఆయన చరిత్రకారులు చెబుతారు. తల్లి సంతకు వెళ్ళింది. పైన ఉన్నదేదో అందుకోబోయి పిల్లవాడు నూనె జాడీని పడగొట్టాడు. జాడీ పగిలింది, నూనె నేలపాలైంది. పేద ఇంట్లో నూనె అంటే ఏమిటో మీకు వేరే చెప్పనక్కర లేదు. వాడు తుడవడానికి ప్రయత్నించాడు, మరక పోలేదు. అప్పుడేం చేశాడో చూడండి. కంచెలోనుంచి ఒక బెత్తం కోసి, చాకుతో బెరడు చెక్కి దానిమీద అందంగా గీతలు దిద్దాడు. తల్లి వచ్చే దారికి ఎదురు వెళ్ళి, జరిగింది ఉన్నదున్నట్టు చెప్పి, ఆ బెత్తం ఆమె చేతిలో పెట్టాడు. మార్గరీత బెత్తం వంక చూసింది, కొడుకు వంక చూసింది, నవ్వేసింది. నూనె పోయినందుకు బాధపడిందట. అబద్ధం చెప్పనందుకు సంతోషించిందట.

ఆ ఇంటి మూలన ఎప్పుడూ ఒక బెత్తం ఉండేదని, దాన్ని ఆమె వాడిన సందర్భం లేదని కూడా చెబుతారు. ఈ కథలో నాకు అన్నిటికంటె విలువైనది తల్లి నవ్వు కాదు. కొడుకు ఎదురు వెళ్ళడం. మన పిల్లలు ప్రోగ్రెస్ రిపోర్టును ఎక్కడ దాస్తారో మనకు తెలుసు. తండ్రి సంతకాన్ని తామే పెట్టుకునే పిల్లలున్నారు. జాన్ దాచలేదెందుకు? నిజం చెప్పినందుకు ఆ ఇంట్లో ఇదివరకెప్పుడూ దెబ్బ పడలేదు గనుక. దెబ్బకు భయపడే పిల్లవాడు తప్పు మానేస్తాడని మనం అనుకుంటాము. చాలామంది తప్పు మానరు, చెప్పడం మానేస్తారు.

"ఫాదర్, బైబిలు గ్రంథమే బెత్తం వాడమంది గదా!" అని మీలో కొందరు అడుగుతారు. సామెతల గ్రంథం 13వ అధ్యాయంలోని మాట మన తండ్రులకు కంఠతా వచ్చు. మిగిలిన గ్రంథం అంతగా రాకపోయినా అది మాత్రం వచ్చు! ఆ మాట కొట్టివేయదగినది కాదు. బిడ్డను దిద్దకుండా వదిలేయడం ప్రేమ కాదని జ్ఞాని చెబుతున్నాడు, అది నిజం. కాని ఇరవైమూడవ కీర్తన కూడా చదవండి. అక్కడ కాపరి చేతిలోని దుడ్డుకర్ర గొఱ్ఱెకు భయం కాదు, ధైర్యం. కాపరి ఆ కర్రతో తోడేలును తరుముతాడు, దారి తప్పే గొఱ్ఱెను మళ్ళిస్తాడు. గొఱ్ఱె నడుము విరగగొట్టే కాపరి ఎక్కడైనా ఉంటాడా? పునీత పౌలుగారు ఎఫెసీయులకు వ్రాస్తూ తండ్రులనే పేరుపెట్టి పిలిచి, బిడ్డలకు కోపం రేపవద్దన్నారు. కొలొస్సీయులకు వ్రాస్తూ దానికి కారణం కూడా చెప్పారు. అలా చేస్తే పిల్లల మనసు కుంగిపోతుందట. రెండువేల ఏళ్ళనాటి ఆ మాటను మన దేశపు చట్టం ఆలస్యంగా అందుకుంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో పిల్లలను కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. బడికి చట్టం ఉంది. ఇంటికి ఏముంది? మన దైవభయమే ఉంది.

డాన్ బోస్కోగారికి తొమ్మిదేళ్ళప్పుడు ఒక కల వచ్చింది. అల్లరి పిల్లలు కొందరు దేవదూషణ చేస్తూ ఉంటే, తాను వారిమీద పడి పిడికిళ్ళతో కొట్టసాగాడు. తేజోమయుడైన ఒక పురుషుడు ఆపి, వీరిని దెబ్బలతో కాదు, సాత్వికంతో, ప్రేమతో గెలవాలని చెప్పాడు. ఆ కలను ఆయన జీవితాంతం మరువలేదు. ఆ పిల్లవాడు విద్యార్థిగా ఉన్న రోజుల్లో ఆయన మనసులో మరొక ఆలోచన నాటుకుంది. దారిలో గురువులు ఎదురైతే నమస్కరించేవాడు. వారు గంభీరంగా తలపంకించి వెళ్ళిపోయేవారు. నేను గురువునైతే పిల్లల దగ్గరకు నేనే వెళతాను, వారితో మంచి మాటలు మాట్లాడతాను అని తల్లితో చెప్పుకునేవాడట. ఈ సంగతి ఆయనే తన జ్ఞాపకాలలో వ్రాసుకున్నారు. ఇది చదివినప్పుడల్లా మాబోటి గురువులకు కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది!

అన్నట్టే చేశారు. 1841 జూన్‌లో గురుపట్టం పొందారు. అదే ఏడు డిసెంబరు 8, నిష్కళంకమాత పండుగనాడు ట్యూరిన్‌లో పూజకు సిద్ధమవుతుండగా, ఒక కుర్రవాడు పూజావస్త్రాల గదిలోకి వచ్చి నిలుచున్నాడు. పూజకు సాయం చేయమని గుడి సేవకుడు అడిగాడు. రాదన్నాడు కుర్రవాడు. రాకపోతే ఇక్కడెందుకని ఆ సేవకుడు చేతికందిన కర్రతో బాది తరిమాడు. డాన్ బోస్కో అడ్డుపడి, వాడు నా స్నేహితుడు, వెనక్కి పిలువు అన్నారు. అంతకుముందు వాడిని ఆయన ఎన్నడూ చూసి ఎరుగరు. వాడి పేరు బర్తలోమియో గారెల్లి, వయసు 16. తండ్రి లేడు, తల్లి లేదు, చదువు లేదు, పాట కూడా రాదు. "ఈల వేయడం వచ్చా?" అని అడిగారు గురువు. వాడు నవ్వాడు. ఆ నవ్వు తరువాతే సిలువ గుర్తు వేయడం నేర్పారు. సలేషియన్ సభ చేస్తున్న సేవకంతటికీ మొదలు ఆ రోజేనని ఆయన చెప్పుకునేవారు. 1906లో తంజావూరులో అడుగుపెట్టిన ఆ సభవారే 1989లో మన విజయవాడలో వీధి బాలలకోసం నవజీవన్ బాలభవన్ తెరిచారు. ఇల్లు విడిచి రైలెక్కి వచ్చి ప్లాట్‌ఫారం మీద పడుకునే పిల్లవాడికి కూడా మొదట కావలసింది ఉపన్యాసం కాదు, పేరు అడిగేవారు.

అయితే ఒక మాట దాచకూడదు. మంచి పెంపకం ఉంటే పిల్లలందరూ పునీతులవుతారని నేను చెప్పడం లేదు. మార్గరీత ఇంట్లోనే అంతోని ఉన్నాడు. చిన్నప్పుడే తల్లిని పోగొట్టుకున్నాడు, తొమ్మిదేళ్ళకు తండ్రిని పోగొట్టుకున్నాడు. తమ్ముడు పుస్తకం పడితే వాడికి మండిపోయేది, చేయి చేసుకునేవాడు. మారుటి తల్లి అని ఆమెనూ నిందించేవాడు. ఆమె ఓర్పుగా చెప్పింది, బ్రతిమాలింది, వాడిమీద మాత్రం చేయెత్తలేదు. గొడవ ఆగలేదు. చివరికి 1828 ఫిబ్రవరిలో, చలికాలంలో, పన్నెండేళ్ళ జాన్‌ను పని వెదుక్కోమని ఇంటినుంచి పంపవలసి వచ్చింది. ఆ తల్లి గుండె ఎలా ఉండి ఉంటుందో ఆలోచించండి. దయ చూపిన ఇంట్లో కూడా తలుపులు పగిలే రోజులుంటాయి.

మన ఇళ్ళ సంగతికి వద్దాము. మన విచారణల్లో ఎందరో తల్లులు కువైట్‌లో ఇళ్ళపనులు చేసి డబ్బు పంపుతున్నారు. పిల్లలు అమ్మమ్మల దగ్గర పెరుగుతున్నారు. వారానికొకసారి వచ్చే ఫోనులో అమ్మ మొదట అడిగేది మార్కులు. ఆ తల్లిని తప్పు పట్టను, ఆ మార్కులకోసమే ఆమె ఎడారి దేశంలో ఉంది. కాని అమ్మా, మొదటి మాట "తిన్నావా?" అని అడుగు. రెండవ మాటగా మార్కులు అడుగు. అమ్మమ్మలారా, మీరు చదువుకోలేదని చిన్నబుచ్చుకోవద్దు. తిమోతికి విశ్వాసం అతని అమ్మమ్మ లోయి దగ్గరనుంచి, తల్లి యూనీకే దగ్గరనుంచి వచ్చిందని పౌలుగారు ప్రత్యేకంగా వ్రాశారు.

2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చిన తరువాత కొద్ది రోజుల్లోనే ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారని పత్రికలు వ్రాశాయి. ఆ పిల్లల తల్లిదండ్రుల దుఃఖంమీద మనం ఒక్క మాట కూడా అనరాదు. ఎవరి మనసులో ఏముందో దేవునికే తెలుసు. మన ఇంటి సంగతి మాత్రం మనం చూసుకోవచ్చు. ఫలితాలు రాకముందే, మార్కుల కాగితం చేతికి అందకముందే, "ఏం వచ్చినా ముందు ఇంటికి రా" అని బిడ్డకు నోటితో చెప్పారా? వాడికి తెలుసులే అనుకోకండి. డాన్ బోస్కోగారు 1884 మే నెలలో రోమునుంచి తన సభవారికి వ్రాసిన ఉత్తరంలో పట్టుకున్నది సరిగ్గా ఈ సంగతినే. పిల్లలను ప్రేమిస్తే చాలదు, తమను ప్రేమిస్తున్నారని పిల్లలకు తెలియాలి అన్నారు.

బాలయేసు కనబడక మరియమాత, జోజప్ప మూడు రోజులు వెదికిన ఘట్టం లూకా సువిశేషంలో చదవండి. మూడు రోజుల ఆందోళన తరువాత ఆ తల్లి కుమారునితో పలికిన మొదటి మాట ప్రశ్న. ఎందుకిలా చేశావని అడిగింది. నేనూ మీ నాన్నా ఎంత తల్లడిల్లామో చెప్పింది. వచ్చిన జవాబు అర్థం కాలేదు. అర్థం కాని దాన్ని మనసులో ఉంచుకుని బిడ్డతో కలిసి ఇంటికి నడిచింది. పదమూడు, పద్నాలుగేళ్ళ పిల్లలున్న తల్లులకు ఈ ఘట్టం ఎవరూ విడమరచి చెప్పనక్కర లేదు.

ఓర్పు కూడా అలసిపోతుంది. 1846 నవంబరులో డాన్ బోస్కో తల్లిని బెక్కీనుంచి ట్యూరిన్‌కు తీసుకువచ్చారు. పెండ్లినాటి బట్టలను, నగలను ఆ వీధి పిల్లలకోసం, గుడికోసం ఆమె ఖర్చుచేసింది. రాత్రులు కూర్చుని వారి చిరిగిన చొక్కాలు కుట్టింది. ఆమె వేసుకున్న కూరగాయల మడిని పిల్లలు యుద్ధం ఆటలాడి తొక్కి పాడుచేశారు. ఒకరోజు ఇక చాలనిపించింది. నన్ను మన ఊరికి పంపించెయ్యి, ప్రశాంతంగా చనిపోతానని కొడుకుతో చెప్పింది. ఆయన ఏమీ అనలేదు. గోడమీదున్న సిలువను చూపించారు. ఆమె కాసేపు దానివంక చూసింది. తరువాత పనిబట్ట నడుముకు కట్టుకుని వంటింట్లోకి వెళ్ళింది. 1856 నవంబరు 25న కన్నుమూసేదాకా అక్కడే ఉంది.