పరిచర్య ఎవరిది?



కొంతకాలము క్రిందట మేము పాస్టర్ల కూడికకు పోయి రెండు రాత్రులు ఊరిలో లేకపోతిమి. మొదటి రాత్రియే మా సంఘములోని ఒక వృద్ధురాలు ప్రభువునందు నిద్రించెను. తెల్లవారుజామున ఫోను వచ్చినది. "అయ్యగారూ, మీరు వచ్చువరకు ప్రార్థన ఆపియుంచితిమి" అనిరి. మేము చేరునప్పటికి మధ్యాహ్నమైనది. అంతవరకు ఆ ఇంటిలో ఒక కీర్తన చదివినవారు లేరు, ఒక పాట ఎత్తినవారు లేరు. ఆ వాకిట కూర్చున్నవారిలో ముప్పది ఏండ్లుగా బైబిలు చదువుచున్న పెద్దలున్నారు. ఆదివారపు బడి చెప్పు పంతులమ్మ యున్నది. అందరును బస్సు వచ్చు దారి చూచుచు కూర్చుండిరి.

ఉన్నదున్నట్లు చెప్పవలెనంటే, ఆ ఫోను విన్నప్పుడు మొదట మాకు కలిగినది దుఃఖము కాదు. మేము లేనిదే వీరికి జరుగదుగదా అను ఒక తృప్తి. బస్సులో సగము దూరము వచ్చిన తరువాతగాని ఆ తృప్తి ఎటువంటిదో మాకు తెలియలేదు. కనుక సంఘమును గద్దించుటకు ఈ మాటలు వ్రాయుట లేదు. తప్పు ఉభయులదియు.

మన తల్లులు పొయ్యిమీద ఎసరు పెట్టునప్పుడు పిడికెడు బియ్యము తీసి దేవుని సేవకని వేరుగా ఉంచుదురు. అది మంచి అలవాటు. దానివలన ఎందరో కాపరుల కుటుంబములు బ్రదికినవి, మాదియు బ్రదికినది. అయితే ఆ బియ్యముతోకూడ ఒక తలంపు మెల్లగా మందిరములోనికి వచ్చినది: మేము ఇచ్చుచున్నాము గనుక పని ఆయనది. పొలములో ఇది న్యాయమే. కలుపు తీయుటకు కూలి ఇచ్చినవాడు గట్టుమీద కూర్చుండవచ్చును. కాని ఏడ్చువారితో ఏడ్చుటకు కూలిమనిషిని పెట్టగలమా? మాటలు లేని అన్నదమ్ముని యొద్దకు మనకు బదులుగా వేరొకని పంపి సమాధానపడగలమా? కొన్ని పనులు మరియొకరిచేత చేయించినయెడల చేసినట్లు కాదు. పరిచర్యలో మిక్కిలి భాగము ఆ జాతి పనియే.

అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయము చూడుడి. యెరూషలేములో హింస కలిగినప్పుడు అపొస్తలులు అక్కడనే నిలిచిరి. చెదరిపోయి ఊరూర సువార్త చెప్పినది సామాన్య విశ్వాసులు. అంతియొకయలో గ్రీకువారికి మొదట ప్రభువును ప్రకటించిన కుప్ర, కురేనే మనుష్యుల పేర్లయినను లూకా వ్రాయలేదు. 1520లో మార్టిన్ లూథరుగారు జర్మనీ ప్రభువులకు వ్రాసిన పత్రికలో చెప్పులు కుట్టువాడు, కమ్మరి, రైతు, వీరందరును యాజకులే అని వాదించెను. మన సంఘములలో ఆ మూడు పనులవారును ఉన్నారు. ఈ సంగతి వారికి ఎవరైనను చెప్పిరో లేదో!

మన దేశములోనే చూడుడి. ఒంగోలు ప్రాంతపు క్రైస్తవులకు క్లౌ దొరగారి పేరు బాగుగా తెలియును. ఆయన 1866లో అక్కడికి చేరిన ఆ తొలి దినములలో ఊళ్లవెంబడి బంధువులకు సువార్త చెప్పిన యెర్రగుంట్ల పేరయ్యగారు తోళ్ల బేరము చేసికొనువాడు. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ దినము నీటిలోనికి దిగి బాప్తిస్మమిచ్చినవారు తెలుగు బోధకులు.

"అందరును యాజకులైనయెడల కాపరి ఎందుకు? ఎవరికి తోచినట్లు వారు చేయుదురుగదా" అని మా పెద్దలలో ఒకరు అడిగిరి. న్యాయమైన ప్రశ్నయే. బల్ల, బాప్తిస్మము సంఘక్రమము చొప్పున జరుగవలెననుటలో మాకు వాదము లేదు. అయితే సంఖ్యాకాండములో రెండు చోట్ల చదువవలెను. 16వ అధ్యాయములో కోరహు సమాజమంతయు పరిశుద్ధమైనదే అని మోషేమీద లేచెను, భూమి అతని మ్రింగెను. 11వ అధ్యాయములో ఎల్దాదు, మేదాదు పాళెములోనే ప్రవచించిరి; మోషే వారిని ఆపలేదు సరిగదా, ప్రజలందరు అట్లే ప్రవక్తలైతే బాగుండునని కోరెను. ఇదేమి? కోరహు అడిగినది అహరోను చోటు. ఈ ఇద్దరును ఎవరి చోటును అడుగలేదు, తామున్న చోటనే ఆత్మకు లోబడిరి. వారిని ఆపుమన్నది యెహోషువ, అదియు తన యజమానుని గౌరవము నిమిత్తము. బస్సులో మాకు కలిగిన తృప్తి ఆ యెహోషువ రోషమునకు చుట్టమే. ఆ అధ్యాయములోనే మోషే ఈ భారము ఒంటరిగా మోయలేనని దేవుని యెదుట మొరపెట్టెను. మోయలేనని చెప్పుటకు మాకును చాల ఏండ్లు పట్టినది.

ఆ చనిపోయిన వృద్ధురాలికి చదువు రాదు. ఊరిలో ఎవరికి జ్వరము వచ్చినను పోయి, గంజి కాచి పోసి, తనకు నోటికి వచ్చిన రెండు పాటలు పాడి వచ్చెడిది. ఎవరును ఆమెను పంపలేదు. ఆ రాత్రి ఆ ఇంటికి పిలువకయే పోవలసినది ఎవరని తలంచితే, మాకు ఆమెయే తోచినది.

వచ్చే నెల మరల మూడు దినములు మేము ఊరిలో ఉండము. గురువారపు ఇంటి ప్రార్థన ఎవరు నడుపుదురని అడిగితిమి. ఒకరికి కళ్లము పని యున్నది, ఒకరికి గొంతు బాగుండలేదు. వెనుక కూర్చున్న పాలు పోయు అమ్మాయి, "నాకు చదువుట మాత్రమే వచ్చును అయ్యగారూ, చాలునా?" అనెను. చాలునంటిమి. ఏ అధ్యాయము చదువవలెనో ఆమె ఇంకను వెదకుకొనుచున్నది.