తీరిక ఎవరిది?

నర్సాపురం లేసు అల్లికకి 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. వస్తువుకి పేరొచ్చింది, సంతోషమే. అల్లే చేతులది శ్రమ అని నలభై ఏళ్లకి ముందే వాదించినామె జర్మన్ సమాజశాస్త్రవేత్త మరియా మీస్.

1960లలో పూణేలో జర్మన్ భాష నేర్పి, తర్వాత కొలోన్‌లో సోషియాలజీ ప్రొఫెసరైన మీస్, 1970ల చివర నర్సాపురం వచ్చారు. 1982లో వెలువడిన ఆమె పుస్తకం లెక్క తేల్చింది. రోజంతా అల్లినా వాళ్లకొచ్చేది వ్యవసాయ కూలీ స్త్రీ కనీస వేతనంలో మూడోవంతు కన్నా తక్కువ. వ్యాపారం మగవాళ్లది, సరుకు విదేశాలకి. అల్లే ఆమె మాత్రం 'గృహిణి', తీరిక వేళ ఏదో కాలక్షేపం చేస్తోంది! ఘోషా పాటించే కాపు ఇంటి స్త్రీ, పొలానికెళ్లే కూలీ స్త్రీ కన్నా తాను పైమెట్టున ఉన్నాననుకుంటుంది, సంపాదన ఆమె కన్నా తక్కువైనా. వర్గం, కులం, పితృస్వామ్యం ముడిపడే చోటుని ఇంత స్పష్టంగా చూపిన అధ్యయనం నా చదువులో అరుదు.

పరిశోధకురాలు తటస్థంగా ఉండకూడదు, కింద ఉన్నవాళ్ల పక్షాన నిలబడి చూడాలి అని మీస్ 1978లోనే రాశారు. నన్ను వదలని ప్రశ్న అక్కడే ఉంది. ఆ అల్లికల మీద పుట్టిన 'గృహిణీకరణ' భావన ప్రపంచమంతా పాఠమైంది. ఆ పాఠం చెప్పి నేనూ జీతం తీసుకున్నాను. అల్లినామెకి ఏం దక్కింది? ఇదీ ఒక దోపిడీయే అనేవాళ్లున్నారు. నేనంత దూరం వెళ్లను. ఆ పుస్తకమే లేకపోతే 'తీరిక' అన్న మాటని నిలదీసే ఆధారం మనకెక్కడిది? 2023లో మీస్ చనిపోయేనాటికి ఆ వాదం పాతబడలేదు. కానీ ఋణమైతే ఉంది. ఎవరి లెక్క వాళ్లకి, వాళ్ల భాషలో, వాళ్ల చేతికి చేరాలి. సెమినార్లలో మనం ఒకరికొకరం చెప్పుకోవడంతో అది తీరదు.

చేరితే ఏమవుతుందన్నది వేరే సంగతి. పటమటలో మా వీధిలో చీరలకి ఫాల్స్ కుట్టే ఒకామెతో కూర్చుని ఈమధ్య లెక్క కట్టాం. దారం, ఫాల్ గుడ్డ, కరెంటు, కూర్చున్న గంటలు. గంటకి ఎంత పడిందో చూసి ఆమె కాసేపు మాట్లాడలేదు.

"ఈ లెక్క మా ఆయనకి చెప్పకండి మేడమ్. ఇంతేనా అని మిషను అమ్మేయమంటాడు" అంది తర్వాత.

ఆ కాగితం ఇప్పుడు ఆమె మిషను సొరుగులో ఉంది, నా ఫైల్లో లేదు.