కుందేలుకు మనం పడిన బాకీ

మీ ఇంట్లో ఎవరైనా రాత్రి భోజనం తర్వాత కొలెస్ట్రాల్ బిళ్ళ వేసుకుంటున్నారా? ఆ బిళ్ళ వెనుక ఒక కుందేలు ఉందన్న సంగతి మీరెప్పుడైనా ఆలోచించారా?

1913లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో నికొలాయ్ అనిచ్కోవ్ అనే శాస్త్రవేత్త కొలెస్ట్రాల్‌ను పొద్దుతిరుగుడు నూనెలో కరిగించి కుందేళ్ళకు తినిపించాడు. వాటి రక్తనాళాల గోడల్లో కొవ్వు పేరుకుంది. జపాన్‌లో యోషియో వతనబె 1973లో పుట్టుకతోనే కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉన్న ఒక కుందేలును గుర్తించి, దాని సంతతిని వృద్ధి చేశాడు. స్టాటిన్ మందులను ఆ సంతతి మీద కూడా పరీక్షించారు. 1992లో అమెరికాలో ఒక జన్యువు పనిచేయకుండా చేసి, ఇదే జబ్బు వచ్చే చుంచెలుకలను తయారుచేశారు. ఇలా మన జబ్బును వాటి ఒంట్లోకి తెచ్చాం.

ఈ జబ్బు కేవలం కొవ్వు పేరుకోవడం కాదని తర్వాత తెలిసింది. నాళపు గోడలోకి తెల్ల రక్తకణాలు చేరి వాపు పుట్టిస్తాయి. వాపు ఉన్న పూడిక పగిలితే రక్తం గడ్డకట్టి గుండెపోటు వస్తుంది. ఆ వాపును పైనుంచే చూడడానికి పెట్ స్కాన్ ఉపయోగపడుతుంది. గ్లూకోజ్ వంటి పదార్థానికి రేడియోధార్మిక ఫ్లోరిన్ జతచేసి సూదిమందుగా ఇస్తారు. వాపు ఉన్నచోట కణాలు దాన్ని ఎక్కువగా పీల్చుకుంటాయి కనుక చిత్రంలో ఆ చోటు వెలుగుతుంది. ఆ ఫ్లోరిన్ సుమారు 110 నిమిషాలకు సగానికి తగ్గిపోతుంది.

ఇక్కడే మన ప్రశ్న మొదలవుతుంది. పూర్వం జబ్బు ఎలా ముదురుతుందో తెలియాలంటే నెలకు కొన్ని జంతువుల చొప్పున చంపి, నాళాలు కోసి చూడవలసి వచ్చేది. ఇప్పుడు ఒకే కుందేలుకు మత్తు ఇచ్చి పలుమార్లు స్కాన్ తీయవచ్చు. జంతువుల సంఖ్య తగ్గుతుంది. జంతువుల బదులు వేరే మార్గం వెదకండి, సంఖ్య తగ్గించండి, బాధ తగ్గించండి అని 1959లోనే రస్సెల్, బర్చ్ అనే ఇద్దరు ఆంగ్ల శాస్త్రవేత్తలు చెప్పారు.

అయితే లెక్క తగ్గితే తప్పు తగ్గినట్టేనా? మిగిలిన ఆ ఒక్క కుందేలు పదేపదే పస్తుండాలి, సూదిపోటు భరించాలి, మత్తులోకి పోవాలి. చిత్రం సరైనదో కాదో చూసేందుకు చివరకు దాన్ని కూడా చంపడం మామూలే. పదిమంది మోసే మూట ఒకరి నెత్తిన పెడితే మోసేవారు తగ్గారు గాని మూట తగ్గలేదు. కనుక ఎన్ని జంతువులు అని అడిగితే చాలదు. ఒక్కొక్కటి ఎంత బాధ పడుతోందని కూడా అడగాలి. జవాబు ఇదివరకే తెలిసిన ప్రశ్న కోసం మళ్ళీ ఒక ప్రాణి బాధపడడం ఏ విధంగానూ న్యాయం కాదు.

మరొక మాట. 2002 నాటికే ఇంగ్లండులో రోగుల మెడ నాళాల్లో వాపును ఇదే స్కాన్‌తో చూశారు. 2017లో వెలువడిన ఒక పరీక్షలో గుండెపోటు వచ్చిన సుమారు 10,000 మంది స్వచ్ఛందంగా పాల్గొన్నారు. కొలెస్ట్రాల్ తగ్గించకుండా వాపు ఒక్కటే తగ్గించినా మళ్ళీ గుండెపోటు వచ్చే ముప్పు కొంత తగ్గుతుందని దానివల్ల తేలింది. ఆ మందువల్ల ప్రాణాంతకమైన అంటురోగాలు కొంత పెరిగాయని కూడా తేలింది. మనిషి తెలిసి ఒప్పుకోగలడు, వద్దనగలడు. కుందేలుకు ఆ నోరు లేదు. ఒప్పుకున్న మనిషి ద్వారా క్షేమంగా తెలుసుకోగలిగినదాన్ని నోరులేని ప్రాణి నుంచి పిండకూడదు. ఎవరికీ ఇవ్వని కొత్త మందును నేరుగా మనిషికి ఇవ్వడం తగదు. జంతువు అవసరం నిజంగా ఉండేది అక్కడే.

1992 నాటి శ్రీసభ సత్యోపదేశ గ్రంథం ఈ రెండు వైపులనూ చూసింది. మనుషుల ప్రాణాలు కాపాడడానికి తగు హద్దుల్లో జరిగే ప్రయోగాలను అంగీకరించింది. అనవసరంగా జంతువులను బాధపెట్టడం మానవ గౌరవానికే విరుద్ధమని చెప్పింది. అంటే అక్కడ గాయపడేది జంతువు ఒక్కటే కాదు, మన మనిషితనం కూడా.

మనం ప్రయోగశాలలో లేము, నిజమే. కాని దాని ఫలం మన ఇంటి అలమరలో ఉంది. డాక్టరు రాసిన బిళ్ళను బద్ధకంతో మానేసి, చుట్టా బీడీ మాత్రం మానకపోతే, ఆ మూగప్రాణుల బాధను మనమే వృథా చేసినవాళ్ళమవుతాం. బాకీ తీర్చడం మన చేతకాకపోవచ్చు. కనీసం బాకీ ఉందని మరచిపోకుండా బ్రతుకుదాం.