మట్టికి దాసోహము

శరణుడు లింగైక్యము నొందినపుడు వీరశైవులు అతని దేహమును అగ్నికి అర్పింపరు. కూర్చుండబెట్టి, కరమున ఇష్టలింగము నుంచి, మట్టిలో సమాధి చేయుదురు. అతడు జీవితమంతయు నుదుట ధరించిన విభూతి గోమయము నుండి వచ్చినది. గోమయమునకు మూలము గడ్డి, గడ్డికి మూలము మట్టి. ఇట్లు తొలి ముద్ద మొదలు తుది మజిలీ వరకు మట్టి ఋణము మనుజుని వెన్నంటియే యుండును. అట్టి మట్టికి నేడు జబ్బు చేసినది. అది రైతుల గొడవ యని తక్కినవారు తొలగిపోవుట శరణధర్మమునకు తగునా?

మట్టి జడపదార్థము కాదు. పిడికెడు మంచి మట్టిలో కోట్ల కొలది సూక్ష్మజీవులు కాపురముండును. ఆకు, అలము, పేడ, పెంట కుళ్ళి మట్టిలో కలిసినపుడే వానికి ఆహారము దొరకును. దీనినే శాస్త్రజ్ఞులు సేంద్రియ కర్బనము పేరుతో కొలుతురు. అది నూటికి 0.5 పాలు కంటె తక్కువైనచో ఆ నేల బలహీనమనియు, 0.75 మించినచో బలమైనదనియు మన దేశపు పరీక్షాశాలల లెక్క. పంట కోసికొని, గడ్డిని తగులబెట్టి, పెంటను పొలమునకు చేర్చని చోట ఈ పాలు ఏటేట తరుగును. అంగుళము మేర పైమట్టి ఏర్పడుటకు వందల యేండ్లు పట్టును. అది కొట్టుకొనిపోవుటకు కొన్ని వానలు చాలును.

ఆయ్దక్కి మారయ్య కథ శరణులకు క్రొత్త కాదు. రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట ఆయన కాయకము. ఒకనాడు అవసరమునకు మించి తెచ్చినాడు. భార్య లక్కమ్మ చూచి, ఎక్కువైనది తెచ్చిన చోటనే పోసి రమ్మని పంపినది. తీసికొనుటలో మితము, మిగిలినది తిరిగి యిచ్చుట అను రెండును ఆ యిల్లాలి మాటలో నున్నవి. భూమి విషయమున ఈ బోధను పాటించువారెందరు? పుట్లకొలది ధాన్యము నింటికి చేర్చి, బండెడు ఎరువైనను పొలమునకు మరల్చని వాడు కాయకమును సగమే చేసినవాడు. దాసోహము లేని కాయకము దోపిడికి దారితీయును.

ఐతే ఇది రైతు ఒక్కని వలన చక్కబడు పని కాదు. 2010 ఏప్రిల్ నుండి భాస్వరము, పొటాష్ ఎరువులకు పోషకము ననుసరించి రాయితీ నిచ్చు పద్ధతి వచ్చినది. యూరియా మాత్రము దానికి వెలుపల నుండి, ప్రభుత్వము నిర్ణయించిన ధరకే నిలిచినది. తక్కినవి ప్రియమైనవి, యూరియా చౌకగా మిగిలినది. నత్రజని, భాస్వరము, పొటాష్ 4:2:1 పాళ్ళలో నుండుట మేలని నిపుణులు చెప్పుచునే యుండిరి. రైతు చేయి చౌకైన బస్తా వైపునకే పోయినది. శాస్త్రజ్ఞుని మాట ఒక దారి, శాసనము ఒక దారి యైనపుడు నష్టపోవునది మట్టియే. 2015 ఫిబ్రవరి 19న ఆరంభమైన భూసార పరీక్షా పత్రముల పథకము 12 అంశములను పరీక్షించి రైతు చేతికి ఫలితమిచ్చుటకు ఏర్పడినది. అది మంచి పనియే. కాని పత్రమును చదివి వినిపించువాడు లేనిచో అది పెట్టెలో మడతపడి యుండును.

పన్నెండవ శతాబ్దమున కల్యాణములో బసవేశ్వరుడు ఈ చిక్కునకు విరుగుడు చూపినాడు. ఆయన బిజ్జలుని కొలువులో భాండారమును చూచిన మంత్రి. అట్టివాడు అనుభవ మంటపమున అల్లమప్రభువు ఎదుట శ్రోతయై కూర్చుండెను. ఆ సభలో చాకలి మాచయ్య కలడు, పడవ నడుపు చౌడయ్య కలడు, నేల దున్ను ముద్దణ్ణ కలడు. పాలించువాడు, తెలిసినవాడు, పాటుపడువాడు ఒక్క చాపపై కూర్చుండుటయే ఆ మంటపపు మహిమ. నేడు మట్టికి కావలసినది అట్టి కూటమియే.

ఆ కన్నడసీమలోనే దీనికి దృష్టాంతమున్నది. 2009లో కర్ణాటక ప్రభుత్వము, హైదరాబాదు చెంత పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులతో చేయి కలిపి ‘భూచేతన’ను నడిపినది. ఊరూర మట్టి తీసి పరీక్షింపగా అనేక మెట్ట భూములలో గంధకము, జింకు, బోరాను కొరవడినట్లు తేలినది. ఏ నేలకు ఏది తక్కువో ఊరి గోడలపై వ్రాయించిరి. ఊరి రైతులలోనే కొందరిని ఎన్నుకొని తోటివారికి నేర్పించు పని అప్పగించిరి. నాలుగేండ్లలో దిగుబడిని 20 శాతము పెంచుట దాని లక్ష్యము. మంత్రియు, శాస్త్రజ్ఞుడును, రైతును ఒక్క పనికి పూనుకొనిరి కనుకనే అది పొలము దాక చేరినది.

ఇట్టి కూటమిని పిలువగల శక్తి మఠములకు కలదు. మఠపు జాతరకు శాసనసభ్యుడు వచ్చును, అధికారి వచ్చును, రైతు బండి కట్టుకొని వచ్చును. మైసూరు జిల్లాలోని సుత్తూరు మఠము జాతరలో వ్యవసాయ మేళా జరుగును. అచ్చట కృషి విజ్ఞాన కేంద్రమును కలదు. తక్కిన మఠములును జాతరలో ఒక్క పూట మట్టికి కేటాయింపవలయును. ఆ పూట నాయకునకు పూలమాల వేసి పంపివేయక, భూసార నిపుణుడు చెప్పునది ముగియు వరకు కూర్చుండబెట్టవలయును. రైతు అడుగు ప్రశ్నకు అచ్చటనే బదులు చెప్పించవలయును.

గృహస్థులకును విధి కలదు. పొలమును ఏడాది కౌలుకిచ్చి, మరునాటికి మరియొకరికి మార్చు ఇంటివారు ఆలోచింపవలయును. వచ్చే యేడు తనది కాని చెలకకు కౌలుదారు పెంట ఎందుకు తోలును? నాలుగైదేండ్ల కౌలు నిచ్చి, ఎరువు ఖర్చులో పాలు పంచుకొనుటయు దాసోహమే. సొంత సేద్యము గలవారు వేసవిలో ఎనిమిది పది చోట్ల జానెడు లోతున ‘వి’ ఆకారపు గుంట తీసి, అంచు మట్టిని కలిపి, అరకిలో పరీక్షకు పంపవలయును. గట్టు ప్రక్కను, పెంటకుప్ప చోటును విడిచిపెట్టవలయును.

శరణబంధువులారా! తుదకు ప్రతి దేహమును తన ఒడిలోనికి తీసికొను మట్టి, కులమడుగదు, పదవి నడుగదు. బ్రదికియున్న నాళ్ళలో దానికి ఏమి తిరిగి ఇచ్చితిమను ప్రశ్నకు మాత్రము ఎవరి బదులు వారే చెప్పుకొనవలయును.